పండుగప్ప కోసం మొగల వెంట: కళింగపట్నం నుంచి కోనాడ దాకా

పండుగప్ప చేప వేటకి రోజులు కుదుర్చుకునేది తిథి చూసి. సెలవు దొరికింది కదా అని ఏ వారమో బయల్దేరితే నదిలో నీరు మనకోసం ఆగదు. అందుకే మా బావా నేనూ ఫాల్గుణ పౌర్ణమి వెళ్లాక బహుళ తదియ నుంచి సప్తమి దాకా పెట్టుకున్నాం. లెక్క ఇదీ: మన ఉత్తరాంధ్ర తీరంలో పౌర్ణమికీ అమావాస్యకీ పొద్దున ఎనిమిదీ తొమ్మిదీ మధ్య పోటు (సముద్రపు నీరు ఎక్కడం) నిండుతుంది, ఆ తరవాత రోజుకి సుమారు 50 నిమిషాల చొప్పున ఆలస్యమవుతూ పోతుంది. మూడు నాలుగు రోజులు గడిచేసరికి పాటు, అంటే ఆ నీరు వెనక్కి తగ్గడం, పూర్తిగా దిగే సమయం తెల్లవారుజాముకి వస్తుంది. మసక వెలుతురూ, పాటు చివరా ఒకే గంటలో పడ్డాయంటే ఆ గంట కోసం ఎంత దూరమైనా వెళ్లొచ్చు.

ఈ చేప గురించి తెలియనివాళ్ల కోసం కొంచెం చెప్తాను. బెంగాలీలు భెట్కి అంటారు, తమిళులు కొడువా అంటారు, ఆస్ట్రేలియావాళ్లు బారాముండి పేరుతో దీన్ని నెత్తిన పెట్టుకుంటారు. శాస్త్రీయ నామం లేటిస్ కాల్కరిఫర్. పర్షియన్ గల్ఫ్ దగ్గర్నుంచి ఉత్తర ఆస్ట్రేలియా దాకా ఉప్పునీరూ మంచినీరూ కలిసే ప్రతిచోటా ఉంటుంది. గరిష్ఠంగా రెండు మీటర్లు, 60 కిలోల దాకా పెరిగినట్టు పుస్తకాల్లో ఉంది, మన మొగల్లో, అంటే నది సముద్రంలో కలిసే చోట్ల, పది కిలోలది దొరికితే ఊరంతా చూడటానికి వస్తారు. తినడానికి ఎంత బావుంటుందో గేలానికి తగిలాక అంత పోరాడుతుంది. నాకు ఈ రెండో సంగతే ముఖ్యం.

శుక్రవారం, కళింగపట్నం

మధ్యాహ్నం భోంచేసి విజయనగరంలో బయల్దేరాం. శ్రీకాకుళం దాటి గార మీదుగా కళింగపట్నం చేరేసరికి నాలుగున్నర అయింది. బ్రిటిష్ వాళ్ల కాలంలో ఓడలు ఆగిన రేవు ఇది, ఇప్పుడు ఉన్నది లైట్‌హౌసూ, బీచ్‌కి వచ్చే సెలవురోజు జనమూ, ఇసకమీదకి లాగిపెట్టిన ఫైబర్ తెప్పలూ. సామాను గదిలో పడేసి టీ కూడా తాగకుండా వంశధార మొగ వైపు నడిచాం. సాయంత్రం పాటు కూడా దిగే వేళ అదే కాబట్టి, నది అడుగు ఎలా ఉందో కళ్లతో చూడాలంటే అప్పుడే చూడాలి.

పోటు మీద చూస్తే మొగంతా ఒకటే నీరు. పాటు మీద చూస్తే ఏది దిబ్బ, ఏది కాలవ, దిబ్బ ఎక్కడ తెగి లోతులోకి జారింది, పక్కనున్న ఉప్పుటేరు ఎక్కడ వచ్చి కలుస్తోంది, అన్నీ బయటపడతాయి. ఈ చేప నీటికి ఎదురీదుతూ రోజంతా తిరిగే రకం కాదు, పారే నీటికి పక్కగా, వేగం తగ్గినచోట ఆగి ఉంటుంది. పాటు దిగుతున్నప్పుడు ఏర్లలోంచీ గడ్డి అంచుల్లోంచీ రొయ్యలూ కొయ్యింగ చేప పిల్లలూ నీటితోపాటు బయటికి రాక తప్పదు. అవి వచ్చే దారి పక్కనే ఇది కాపు కాస్తుంది. అంచేత మనం వెతకాల్సింది నీటి గీత: పారే నీరూ నిలబడ్డ నీరూ ఒకదాన్నొకటి రాసుకునే చోట పైన సన్నగా నురుగు తేలుతూ కనిపిస్తుంది. గంటసేపు గట్టుమీద నిలబడి ఆ గీతలన్నీ ఫోన్‌లో ఫొటోలు తీసుకున్నాం, తెల్లారుజామున చీకట్లో పనికొస్తాయని.

వల బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయన మమ్మల్ని చాలాసేపు గమనించి, "ఏటి బాబూ, నీటికేసి అలాగ సూస్తన్నారు?" అన్నాడు. పండుగప్ప కోసం వచ్చాం తాతా అన్నాం. చేతిలో వల పక్కనపెట్టి లేచి వచ్చి, కుడివైపు దిబ్బ తెగినచోటు వేలితో చూపించాడు. "అదిగో, ఆ సుడి తిరిగే కాడ ఉంటాది. పాటు అయిపోయే ముందర తింటాది. నీరు ఆగిపోతే మరింక నోరు తెరవదు." మేం ఫొటోలు తీసుకున్న చోట్లలో అదీ ఉంది, కానీ ఆయన చూపించకపోతే దానికంటే ముందు ఇంకో రెండు చోట్లు చూసేవాళ్లం. తాతకి ఈ నీటితో యాభై ఏళ్ల పరిచయం, అదీ తేడా.

రాత్రి గదిలో సామాను సర్దుకోవడం నాకు వేటంత ఇష్టం. ఏడున్నర అడుగుల మీడియం హెవీ రాడ్, 4000 సైజు రీల్, 30 పౌండ్ల బ్రెయిడ్ (అల్లిన దారం). దీనికంటే బరువైన సెట్ తెస్తే రాళ్లున్నచోట ధైర్యంగా ఉంటుంది కానీ గంటల తరబడి విసిరే చేతికి నొప్పి. గేలానికి ముందు కట్టే మందపాటి దారం, లీడర్, దాని దగ్గర మాత్రం నేను రాజీపడను, కనీసం 50 పౌండ్లు, పొడవు ఒక మీటరు. పండుగప్పకి కోరపళ్లు లేవు, నోరు లోపల సాండ్‌పేపర్‌లా గరుగ్గా ఉంటుంది, అరగంట పోరాటంలో దారాన్ని అరగదీసేస్తుంది. అంతకంటే ప్రమాదం మొప్పల మీద మూత. దాని అంచు ఎంత పదునంటే తల విదిలించినప్పుడు దారం దాని మీదుగా గట్టిగా లాగితే తెగినట్టే, మన వేలైనా అంతే. కొత్తగా నేర్చుకునేవాళ్లు చేపని మొప్పల్లో చెయ్యిపెట్టి ఎత్తడం చూసి నాకు గుండె ఆగినంత పనవుతుంది, చేపకీ మనిషికీ ఇద్దరికీ గాయమే.

లూర్లలో, అంటే బొమ్మ ఎరల్లో, నాలుగైదు అంగుళాల షాడ్లు (మెత్తటి రబ్బరు చేపలు), వాటికి తగిలించే బరువు తల గేలాలు, జిగ్ హెడ్‌లు, మూడు తూకాల్లో, నీటి మధ్యలో ఆగి నిలబడే మిన్నోలు (గట్టి బొమ్మ చేపలు), తెల్లారేవేళకి పైన తేలేది ఒకటి. కొన్నప్పుడు వచ్చిన గేలాలు తీసేసి బలమైనవి వేసుకుని, వాటి ముల్లు కటింగ్‌ప్లేయర్‌తో నొక్కేశాను. వదిలేయాల్సిన చేపకి ఆ ముల్లు లేకపోతే పని సులువు. బావ లూర్లని పెద్దగా నమ్మడు. విసురు వలతో బతికున్న కొయ్యింగ పట్టి గేలానికి గుచ్చడమే ఆయన పద్ధతి.

శనివారం, వంశధార మొగ

నాలుక్కి లేచాం. చవితి చంద్రుడు ఇంకా పైనే ఉన్నాడు, టార్చ్ అవసరం పడలేదు. మోకాలి లోతులో దిబ్బ వెంట నడుస్తూ వెళ్లి, తాత చూపించిన తెగిన చోటుకి కొంచెం ఎగువన ఆగాం. ఇసక జారే చోట్లు ఇలాంటి మొగల్లో ఉంటాయి, లైఫ్ జాకెట్ వేసుకోకుండా, పక్కన మనిషి లేకుండా చీకట్లో దిగకూడదు. నీరు పారే చప్పుడూ, దూరంగా అల విరిగే చప్పుడూ తప్ప ఏమీ లేదు. మధ్యమధ్య "గుబుక్" అని ఒక శబ్దం. ఆ శబ్దం విన్నాక ఇంక నిద్రమత్తు ఉండదు. పండుగప్ప ఎరని తరిమి కొరకదు, దగ్గరికి రానిచ్చి నోటిని ఒక్కసారిగా తెరుస్తుంది, నోట్లోకి దూసుకొచ్చే నీటితోపాటు ఎర కూడా లోపలికి వెళ్లిపోతుంది. పైన జరిగితే ఆ చప్పుడు వంద అడుగుల దాకా వినిపిస్తుంది.

షాడ్‌ని ప్రవాహానికి అడ్డంగా, కొంచెం ఎగువకి విసిరి, నీరే దాన్ని దిబ్బ అంచు దాకా మోసుకెళ్లేలా వదలాలి. రీల్ తిప్పడం ఎంత తక్కువైతే అంత మంచిది, దారంలో అలుసు లేకుండా ఉంటే చాలు. అడుగుని తాకుతూ లేస్తూ వెళ్లి సరిగ్గా లోతులోకి జారే చోట షాడ్ ఒక్క క్షణం ఆగుతుంది. తొంభై శాతం దెబ్బలు అక్కడే పడతాయని నా అనుభవం. ముందు ఒక మాగ తగిలింది, అది కూడా మంచి చేపే, వడిగా లాగింది. తరవాత చాలాసేపు ఏమీ లేదు. తూర్పు కొంచెం తెల్లబడుతుండగా, పారే నీటి వేగం తగ్గడం కాళ్లకి తెలుస్తుండగా, షాడ్ జారే చోట దారం ఆగిపోయింది. లాగినట్టు కూడా కాదు, ఆగిపోయింది, అంతే. రాడ్ పక్కకి కొట్టాను.

మొదటి పరుగు సముద్రం వైపు. డ్రాగ్ (రీల్‌లో దారాన్ని బిగించి పట్టే బ్రేకు) మీద దారం ఊడిపోతూ ఉంటే ఆపాలని చెయ్యి దురద పెడుతుంది కానీ ఆపకూడదు. తరవాత నీటిపైకి లేచింది, మొత్తం ఒళ్లు బయటపెట్టి తల అటూ ఇటూ విదిలించింది, తెరిచిన మొప్పలు టపటపా కొట్టుకోవడం వినిపించింది. ఇలాంటప్పుడు రాడ్ పైకెత్తితే చేప ఇంకా ఎగురుతుంది, గేలం ఊడుతుంది. కొన నీటికి దగ్గరగా దించి పక్కకి వంచి పట్టుకోవాలి, అప్పుడు దాని తల కిందికే ఉంటుంది. ఇంకో రెండు ఎగుర్లు అయ్యాక దిబ్బ పక్క పల్లపు నీట్లోకి తీసుకొచ్చాను. 62 సెంటీమీటర్లు, మూడు కిలోలకి అటూ ఇటూ. టార్చ్ వేస్తే కన్ను ఎర్రగా వెలిగింది. సముద్రం పక్కన ఉండేది కాబట్టి ఒళ్లంతా వెండి రంగు. నదిలో పైకి వెళ్లి మంచినీళ్లలో పెరిగినవి ముదురు రంగులో, కంచు ఛాయలో ఉంటాయి.

బావకి కొయ్యింగ మీద ఇంకోటి తగిలింది, దానికంటే పెద్దది. మొదటి ఎగురులోనే కనిపించింది. చాలాసేపు లాగి, చివరికి గేలం ఊడి వెళ్లిపోయింది. లీడర్ పట్టుకుని చూస్తే జానెడు పొడవున దారం తెల్లగా గీసుకుపోయి ఉంది, ఇంకో నిమిషం ఆగితే తెగేది. "మంచి చేప బావా" అని మాత్రం అన్నాడు, కాసేపు ఏమీ మాట్లాడలేదు. నీరు ఆగింది. తాత చెప్పినట్టే ఆ తరవాత ఒక్కటి నోరు తెరవలేదు.

మూడు కిలోలది కూరకి ఉంచాం. సగం తాతకి ఇచ్చాం, వద్దు వద్దంటూనే తీసుకున్నాడు, మిగతా సగం మేం దిగిన ఇంటావిడ చింతపండు పులుసు పెట్టింది. పండుగప్పలో ముళ్లు తక్కువ, కండ పెద్దపెద్ద పొరలుగా విడిపోతుంది, పులుసులో ఎక్కువ ఉడికినా చెదరదు.

మధ్యాహ్నం పని లేదు కాబట్టి శాలిహుండం కొండెక్కాం. బౌద్ధ స్తూపాల కోసం అందరూ ఎక్కే కొండ, నేను ఎక్కింది నది కోసం కూడా. పైనుంచి వంశధార మొత్తం పటం గీసినట్టు కనిపిస్తుంది: ఇసక దిబ్బలు, వాటి మధ్య వంకరలు తిరిగే కాలవ, దూరంగా మొగ. ఒడిశా కొండల్లో పుట్టి 250 కిలోమీటర్లకి పైగా ప్రయాణం చేసి వచ్చిన నది ఇది. ఎగువన హిరమండలం దగ్గర గొట్టా బ్యారేజీ ఉంది. మొగలో పుట్టిన పండుగప్ప పిల్లలు పైకి ఈదుకుంటూ మంచినీళ్లలోకి వెళ్లి పెరగడం వాటి అలవాటు, ఎదురుగా గోడ వస్తే అక్కడితో ఆగాల్సిందే. పైన బ్యారేజీ, కింద వేసవిలో పూడుకుపోయే ఇసక, ఈ రెండింటి మధ్య మిగిలిన కాస్త నీరే దీని ఇల్లు. బ్యారేజీ నీళ్లు పొలాలకి కావాలి, దాని మీద నాకు పేచీ లేదు. మొగ మాత్రం తెరిచి ఉండాలి. అది మూసుకుపోయిన ఏడాది పిల్లలు లోపలికి రాలేవు, లోపలున్న పెద్దవి గుడ్లు పెట్టడానికి బయటికి వెళ్లలేవు.

రాత్రి బీచ్ వెంట నడిస్తే ఇసకమీద తాబేలు పాకిన జాడ కనిపించింది. ఆలివ్ రిడ్లే తాబేళ్లు జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఈ తీరానికి గుడ్లు పెట్టడానికి వస్తాయి. టార్చ్ ఆపేసి పక్కగా తప్పుకుని వచ్చేశాం.

ఆదివారం, నౌపడ, భావనపాడు

నరసన్నపేట, టెక్కలి మీదుగా నౌపడ. ఉప్పు మడులు మొదలవగానే కారు అద్దం దించితే గాలి వాసనే మారిపోతుంది. ఈ మడులకీ చిత్తడికీ సముద్రపు నీళ్లు తెచ్చేది భావనపాడు దగ్గర కలిసే ఉప్పుటేరు. నదీ మొగ పెద్దవాటి చోటైతే ఇలాంటి ఏర్లు పిల్లల చోటు.

కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే దీని జీవితం తెలిస్తేనే వేటకి అర్థం ఉంటుంది. పండుగప్ప గుడ్లు బతకాలంటే దాదాపు సముద్రమంత ఉప్పు కావాలి. అందుకే నదిలో ఎంత పైన ఉన్నా గుడ్లు పెట్టే కాలానికి మొగకి దిగివస్తుంది. అమావాస్య పౌర్ణముల దగ్గర, పోటు ఎక్కడం మొదలయ్యే వేళ చూసి గుడ్లు వదులుతుంది. ఆ పోటే గుడ్లనీ పిల్లలనీ ఏర్లలోకి తోసుకుపోతుంది. ఒక రోజు లోపలే గుడ్డు చిట్లి పిల్ల బయటికి వస్తుంది. పిల్లలు చిత్తడి నీళ్లలో గడ్డి మధ్య పెరుగుతాయి, తరవాత నది పైకి పోతాయి. మూడు నాలుగేళ్లకి మగ చేపలుగా తయారై దిగివస్తాయి. అవును, ముందు అన్నీ దాదాపు మగవే. ఆరేడేళ్లు దాటాక, సుమారు 80 సెంటీమీటర్లకి పైబడి పెరిగాక అవే ఆడవిగా మారతాయి. అంటే మొగలో ఉన్న పెద్ద పండుగప్ప దాదాపుగా తల్లి చేపే. బాగా పెద్దదైతే దాని కడుపులో గుడ్లు కోటి దాటుతాయి.

పొద్దున ఏరు ఒడ్డున చిన్న షాడ్‌తో ఆడాం. జానెడు, జానెడున్నర పిల్లలు తగిలాయి, ముదురు రంగులో, కళ్లు మాత్రం అప్పటికే అదే మెరుపు. ముల్లు లేని గేలం కాబట్టి నీట్లోనే వేలితో తోసేస్తే వెళ్లిపోయాయి. అంత చిన్నవి తగలడం చూసి బావ లూర్లు సర్దేయమన్నాడు, సర్దేశాం. చిన్న కన్ను వలల్లో ఇవి కిలోల లెక్కన పడి, పేరు కూడా లేకుండా చిల్లర చేపల్లో కలిసి అమ్ముడుపోవడం చూస్తే నాకు కడుపులో తిప్పేస్తుంది.

దగ్గర్లోనే తేలినీలాపురం. గూడబాతులూ ఎర్రకాళ్ల కొంగలూ ఊరి చెట్లమీద గూళ్లు కట్టుకుని ఉన్నాయి, పిల్లలు అరుస్తున్నాయి. ఊరివాళ్లు వీటిని శుభమనుకుంటారు, ఎవరూ రాయి విసరరు. ఇంత సంతానాన్ని ఆ పక్షులు మేపుతున్నాయంటే చుట్టూ ఏర్లలో చిన్న చేప ఇంకా ఉందనే అర్థం. ఏటి మీద గూడబాతులు వరసగా వాలి ఎటు తిరుగుతున్నాయో చూసి మేం చేప గుంపు ఎక్కడుందో కనిపెట్టేది కూడా అందుకే.

సాయంత్రం భావనపాడు ఒడ్డున చేపల వేలంపాట జరుగుతుంటే నిలబడ్డాం. తట్టల్లో కవ్వళ్లు, నెత్తళ్లు, ఒక పక్కన నాలుగైదు పండుగప్పలు. అవి కిలో ఐదొందల పైమాటే పలికాయి, కొన్నవాడు వెంటనే ఐసు పెట్టెలో పెట్టేశాడు, పెద్ద ఊళ్ల హోటళ్లకి వెళ్తాయిట. దీన్ని మన దేశంలో మొదటిసారి పెంపకంలో గుడ్లు పెట్టించింది 1997లో, చెన్నైలోని కేంద్రీయ ఉప్పునీటి ఆక్వాకల్చర్ సంస్థ. చెరువుల్లో, పంజరాల్లో పెంచేది పెరిగే కొద్దీ ఏటి చేప మీద భారం తగ్గుతుందని నా ఆశ. పక్కనే మూలపేటలో 2023లో పోర్టు పనులు మొదలయ్యాయి. ఒడ్డు పొడుగునా మారుతోంది. ఉప్పుటేరులోకి సముద్రం వచ్చే దారి మాత్రం అలాగే ఉంచాలని ఇక్కడి వాళ్లతో పాటు నేనూ కోరుకుంటున్నాను.

సోమవారం, బారువ

బారువలో మహేంద్రతనయ కలుస్తుంది. మహేంద్రగిరి నుంచి వచ్చే చిన్న నది, మొగ సన్నం. పండుగప్ప కోసం చూశాం, నీరు మరీ తేటగా ఉంది, దిబ్బ దగ్గర లోతు లేదు. అలల వైపు తిరిగి బరువైన మెటల్ జిగ్‌లు దూరంగా విసిరితే తోలుపార చేపలు వచ్చాయి. అవి వేరే లోకం: వేగంగా రీల్ తిప్పాలి, ఎంత వేగమైతే అంత ఇష్టపడతాయి, తగిలాక వరసపెట్టి ఎగురుతాయి. ఈ ఒడ్డుకి ఎదురుగా సముద్రంలో 1917లో నిప్పంటుకుని మునిగిన చిల్కా అనే ఓడ శిథిలం ఉంది. ఇలాంటి శిథిలాల చుట్టూ పెద్ద పార చేపలు తిరుగుతాయి, పడవ ఉన్నవాళ్లకి అది వేరే యాత్ర. ఎండ ముదరగానే బయల్దేరి హైవే పట్టుకుని శ్రీకాకుళం దాటి విజయనగరం జిల్లాలోకి వచ్చేశాం, రాత్రి పూసపాటిరేగలో ఆగాం.

మంగళవారం, కోనాడ

చంపావతి నది సముద్రంలో కలిసే చోటు కోనాడ. సప్తమి కాబట్టి పాటు బలంగా ఉండదని బావకి అనుమానం. పెద్ద మొగలో అది నిజమే. ఇక్కడ మొగ ఇసకతో సన్నబడి ఉండటం వల్ల ఉన్న కాస్త నీరూ ఇరుకులోంచి వెళ్లాలి, ప్రవాహం బాగానే ఉంది. ఇబ్బంది వేరే: పాటు దిగే సమయం ఎనిమిదిన్నరకి జరిగింది, అప్పటికి ఎండ నీటి అడుగుదాకా పడుతోంది. వెలుతురులో పండుగప్ప లోతుకీ నీడకీ వెళ్తుంది, లూర్‌ని దగ్గరగా చూసి గానీ తీసుకోదు. అందుకని షాడ్ పక్కనపెట్టి, నీటి మధ్యలో ఆగే మిన్నో కట్టాను. ఒడ్డు కోసుకుపోయి సరుగుడు చెట్టొకటి నీట్లోకి వాలి ఉంది, దాని నీడ అంచుకి విసిరి, రెండు చిన్న కుదుపులు ఇచ్చి, ఆపడం. ఎంతసేపు ఆపాలంటే విసుగొచ్చేదాకా ఆపాలి, ఆ తరవాత ఇంకొంచెం. లూర్ కదలకుండా నీట్లో వేలాడుతున్నప్పుడే ఇది ముందుకొస్తుంది.

అలా ఆగి ఉన్నప్పుడే కొట్టింది. చెట్టు కిందకి తిరిగిందంటే కొమ్మల్లో దారం చుట్టుకుపోతుంది, అందుకని మొదటి నిమిషం మాత్రం డ్రాగ్ బిగించి రాడ్ నడుముకి ఆనించి వెనక్కి నడిచాను. బయటి నీట్లోకి వచ్చాక వదులుచేశాను. ఎగరలేదు, పెద్దవి ఒక్కోసారి ఎగరవు, ఒళ్లు సగం బయటపెట్టి దొర్లుతాయి. ఆ దొర్లినప్పుడు బావ గొంతు మారిపోయింది: "బావా, మెల్లగా, మెల్లగా!" చేతులు వణుకుతున్నాయి, అంత టెన్షన్ నాకు పరీక్షల్లో కూడా లేదు. ఎంతసేపు పట్టిందో చూసుకోలేదు. పల్లపు నీట్లో పక్కకి ఒరిగింది. నీట్లోనే ఉంచి టేపు పెట్టాం, 92 సెంటీమీటర్లు. పది కిలోల దరిదాపు. కడుపు నిండుగా ఉంది.

చేతులు తడుపుకుని, ఒక చెయ్యి కింద దవడకి, ఒక చెయ్యి పొట్ట కిందకి పెట్టి అడ్డంగానే ఎత్తి ఒక్క ఫొటో. ఇంత బరువైన చేపని దవడ పట్టుకుని నిలువునా వేలాడదీస్తే లోపల దెబ్బతింటుంది, వదిలినా బతకదు. గేలం తీసి, ప్రవాహానికి ఎదురుగా తల పెట్టి, మొప్పల్లోకి నీరు ఆడేలా పట్టుకున్నాను. మొదట ఊరికే ఉంది. మెల్లగా తోక కదిలింది, నా మణికట్టుని గట్టిగా కొట్టి లోతులోకి పోయింది.

అప్పటిదాకా తెప్ప పక్కన నిలబడి చూస్తున్న ఒకాయన పరుగెత్తుకొచ్చాడు. "అదేటి బాబూ! ఐదేల రూపాయల సేపని నీల్లలో వొదిలీసినావేటి?" కోపంగా కాదు, నిజంగా బాధగా అన్నాడు. ఆయన బాధ న్యాయమైనదే. ఆ డబ్బు ఆయన ఇంట్లో ఎన్నిటికి పనికొస్తుందో నాకు తెలుసు. అందుకే మత్స్యకారుడి వలలో పడిన పెద్ద చేపని వదలమని నేను ఎప్పుడూ అనను, అనే హక్కు నాకు లేదు. నేను మాట్లాడేది మాలాంటివాళ్ల గురించి, జీతం వేరేచోట తీసుకుంటూ సరదాకి రాడ్ పట్టుకుని వచ్చేవాళ్ల గురించి. మాకు తిండికి ఒక మూడు కిలోలది చాలు, తల్లి చేపని చంపి ఫొటో తీసుకోవాల్సిన అవసరం మాకు లేదు. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌ల్యాండ్ తూర్పు తీరంలో చట్టమే ఉంది, 58 సెంటీమీటర్లకి తక్కువున్నా 120 దాటినా వదిలేయాల్సిందే. మా ఇద్దరికీ మేం పెట్టుకున్న గీత ఇంకా కింద ఉంది: 80 దాటితే నీట్లోకే.

కూర్చోబెట్టి ఆయనకి చెప్పాను, ఇది ముందు మగదిగా పుట్టి పెద్దయ్యాక ఆడదవుతుందని. నవ్వుతాడనుకున్నాను. ఆలోచించి, "మా వలలో పడ్డ పెద్దవాటన్నిట్లోనా గుడ్డే ఉంటాది, మగది పెద్దది ఇంతవరకు నాను సూడనేదు" అన్నాడు. ఇన్నేళ్లు కళ్లతో చూసినదానికి కారణం దొరికినట్టు పక్కవాణ్ని పిలిచి మళ్లీ చెప్పించాడు. తరవాత మొగ గురించి మాట్లాడుకున్నాం. ఏ ఏడాది ఇసక ఎంత పూడింది, ఊళ్లోవాళ్లంతా పారలు పట్టుకెళ్లి దారి తవ్విన ఏడాది వర్షాల తరవాత పిల్ల ఎంత కనిపించింది, ఇవన్నీ ఆయనకి వేళ్లమీద లెక్క.

ఈ తీరంలో మరపడవలకీ మోటారు పడవలకీ ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. ఒడ్డున రాడ్ విసిరే మేం ఆ 61 రోజులూ, తరవాత కొత్త నీరు వచ్చి ఇవి గుడ్లు పెట్టే వానాకాలమూ మొగల జోలికి వెళ్లం. వానలు తగ్గి వంశధార ఎర్రనీరు తేటపడ్డాక, దసరా దాటాక మళ్లీ బయల్దేరతాం. అమావాస్య వెళ్లిన చవితి ఏ వారం పడుతుందో బావ అప్పుడే కారులో కూర్చుని క్యాలెండర్ తిప్పుతున్నాడు. ఈలోపు 60 పౌండ్ల లీడర్ ఒక చుట్ట కొనాలి, ఉన్నది గీతలు పడిపోయింది.